పన్ను మన కోసం ఆగుతుంది, దవడ ఆగదు: పళ్ల క్లిప్పులకు సరైన వయసు ఏది?

క్లుప్తంగా: పిల్లలకు మొదటి పరీక్ష 7 ఏళ్లకు చేయించాలి. ఎక్కువ మందికి క్లిప్పులు వేసేది మాత్రం 11–14 ఏళ్ల మధ్య. పై దవడ ఇరుకుగా ఉన్నా, కింది పళ్లు పై పళ్ల ముందుకు వస్తున్నా 8–10 ఏళ్లకే పని మొదలవ్వాలి. వంకర పళ్లు మాత్రమే అయితే 30లోనైనా 50లోనైనా సరిచేయవచ్చు, చిగుళ్లు గట్టిగా ఉంటే చాలు.

ఎనిమిదేళ్ల పాపకు ముందు పళ్లు వంకరగా వచ్చాయి. ఒక డాక్టరు ఇప్పుడే మొదలుపెడదామంటారు. మరొకరు పళ్లన్నీ రానివ్వండి, పన్నెండేళ్లకు చూద్దామంటారు. ఇంట్లో పెద్దవాళ్లేమో పెళ్లి ముందు చూసుకోవచ్చులే అంటారు. వీళ్లలో ఎవరో తప్పు చెబుతున్నారని తల్లిదండ్రులకు అనుమానం. చాలాసార్లు అందరూ వేర్వేరు సమస్యలను మనసులో పెట్టుకుని మాట్లాడుతుంటారు, అంతే తేడా. పళ్ల వరస సరిచేయడం ఒక పని, దవడ పెరుగుదలను దారిలో పెట్టడం మరో పని. రెండిటికీ జనం నోట ‘క్లిప్పులు’ అనే ఒకే పేరు ఉండటంతో గందరగోళం మొదలవుతుంది.

పన్ను ఎలా కదులుతుంది

పన్ను వేరుకూ ఎముకకూ మధ్య సుమారు 0.2 మి.మీ. మందం ఉన్న నారపొర ఉంటుంది. వైరు పన్నును ఒక పక్కకు నెడితే ఆ పక్క పొర నలుగుతుంది, అవతలి పక్క సాగుతుంది. నలిగిన వైపు ఎముకను కరిగించే కణాలు, సాగిన వైపు ఎముకను కట్టే కణాలు పనిలోకి దిగుతాయి. అలా పన్ను తన గుంతతో సహా జరుగుతుంది. వేగం నెలకు సుమారు 1 మి.మీ.

గట్టిగా బిగిస్తే త్వరగా అయిపోతుందన్న ఆశ ఇక్కడ పనిచేయదు. బలం ఎక్కువైతే నలిగిన చోట రక్తప్రసరణ ఆగి పొర చచ్చుబడుతుంది. దాన్ని శరీరం తొలగించుకునే దాకా పన్ను కదలదు. పైగా వేరు కొన అరిగే ప్రమాదం పెరుగుతుంది.

ఈ కణాలు జీవితాంతం పనిచేస్తాయి. కాబట్టి పన్ను ఏ వయసులోనైనా కదులుతుంది. పెద్దవాళ్లలో మొదటి కొన్ని వారాలు కాస్త నెమ్మది. దవడ సంగతి వేరు. పై దవడ ఎముక రెండు సగాలుగా పెరిగి, అంగిలి మధ్య గీత దగ్గర కలుస్తుంది. ఆ అతుకు చిన్న వయసులో వదులుగా ఉండి, 14–15 ఏళ్లు దాటేకొద్దీ బిగుసుకుంటుంది. కింది దవడ కౌమారంలో ఒక్కసారిగా పొడవు పెరిగి, ఆ తర్వాత నెమ్మదించి ఆగిపోతుంది. ఎప్పుడు మొదలుపెట్టాలన్న ప్రశ్నంతా ఈ రెండు ఎముకల గడువు చుట్టూ తిరుగుతుంది.

ఏడేళ్లకు ఎందుకు చూపించాలి

అమెరికాలోని ఆర్థోడాంటిస్టుల (పళ్ల వరస, దవడ సరిచేసే నిపుణుల) సంఘం మొదటి పరీక్షను 7 ఏళ్లలోపు చేయించాలంటుంది. ఆ వయసుకు ఆరేళ్ల దవడ పళ్లు వచ్చేస్తాయి, ముందు పళ్లు మారుతుంటాయి. దవడలు ఒకదానిపై ఒకటి ఎలా కూర్చుంటున్నాయో, లోపల పళ్లన్నీ ఉన్నాయో లేదో పళ్లన్నిటినీ ఒకే చిత్రంలో చూపే ఓపీజీ ఎక్స్‌రేతో తెలుస్తుంది. పుట్టుకతోనే ఒక పన్ను లేకపోవడం, ముందు పళ్ల మధ్య అదనపు పన్ను అడ్డుపడటం లాంటివి ఇలాగే బయటపడతాయి. ఎక్కువ మంది పిల్లలను ఆ రోజే ‘ఏడాదికోసారి తీసుకురండి’ అని పంపేయాలి. అలా పంపితే డాక్టరుకు తెలియదని అనుకోనక్కర్లేదు.

ముఖ్యంగా 8–11 ఏళ్ల మధ్య పై ముందు పళ్లు విసనకర్రలా విచ్చుకుని, నడుమ సందు కనిపించడం సహజం. పైన ఎముకలో దిగుతున్న కోరపళ్లు పక్క పళ్ల వేళ్లను లోపలికి నొక్కుతుంటాయి, అందుకే పళ్ల బయటికి కనిపించే భాగాలు పక్కలకు వాలుతాయి. 11–12 ఏళ్లకు కోరపళ్లు కిందికి దిగగానే ఆ సందు చాలామందిలో దానంతటదే మూసుకుంటుంది. ఈ దశలో సందు మూయడానికని రబ్బరు బ్యాండు తగిలించడం ప్రమాదం. రబ్బరు జారి చిగురులోకి పాకి, ఎముకను తినేసి, ముందు పళ్లు రెండూ ఊడిన సందర్భాలు దంతవైద్య సాహిత్యంలో ఉన్నాయి.

ఆలస్యం చేయకూడని సమస్యలు

పై దవడ ఇరుకై పై పళ్లు కింది పళ్ల లోపలికి పడుతుంటే, పిల్లలు నమలడానికి కింది దవడను ఒక పక్కకు జరుపుకుంటారు. ఏళ్ల తరబడి అలా జరిపితే ముఖం ఒక వైపు వాలినట్టు పెరగవచ్చు. దీనికి అంగిలిని వెడల్పు చేసే స్క్రూ పరికరం వాడతారు. దవడ పళ్లకు బిగించిన ఈ పరికరం నడుమ చిన్న స్క్రూ ఉంటుంది. ఒక్కో పావు తిప్పుకు దాదాపు 0.25 మి.మీ. తెరుచుకుంటుంది. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి ఇంట్లోవాళ్లే తిప్పాలి.

పిల్లను పడుకోబెట్టి, టార్చిలైటు వెలుగులో తాళంచెవిని స్క్రూ రంధ్రంలో పెట్టి ముందు నుంచి గొంతు వైపు తిప్పుతారు. తాళంచెవికి దారం కట్టి చేతికి చుట్టుకోవాలి, జారితే పిల్ల మింగేయకుండా. ఎక్కువగా జరిగే పొరపాటు చెవిని బయటికి తీసేటప్పుడు: తిప్పింది కాస్త వెనక్కి వచ్చేస్తుంది. తిప్పాక తర్వాతి రంధ్రం ముందువైపు పూర్తిగా కనిపిస్తేనే తిప్పు పూర్తయినట్టు. కొద్ది రోజులకే పై ముందు పళ్ల మధ్య సందు పడుతుంది. తల్లిదండ్రులు భయపడి ఫోన్ చేసేది అప్పుడే. నిజానికి అతుకు తెరుచుకుందనడానికి అదే రుజువు. తిప్పడం ఆపాక చిగుళ్ల నారలు పళ్లను మళ్లీ దగ్గరికి లాక్కుంటాయి. అయితే తెరిచిన చోట ఎముక నిండాలి కాబట్టి పరికరాన్ని ఇంకో 3–6 నెలలు కదపకుండా ఉంచుతారు. ఇదే పనిని 18 ఏళ్లకు చేయాలంటే ఎముకలోకి స్క్రూలు దించాలి, లేదా ఆపరేషన్ చేయాలి.

కింది పళ్లు పై పళ్ల ముందుకు రావడం రెండో సమస్య. పై దవడ వెనకబడి ఉండటం కారణమైతే ముఖానికి పెట్టుకునే ఫేస్‌మాస్క్‌తో ముందుకు లాగుతారు. నుదుటికీ గడ్డానికీ ఆనించిన చట్రానికి నోట్లోని పరికరాన్ని రబ్బర్లతో కలుపుతారు. రోజుకు 12–14 గంటలు, అంటే బడి నుంచి వచ్చాక మర్నాటి ఉదయం దాకా పెట్టుకోవాలి. 10 ఏళ్లలోపు ఇది బాగా పనిచేస్తుంది, ఆ తర్వాత ఫలితం తగ్గిపోతుంది. ఇంట్లో తండ్రికో తాతకో కింది దవడ పొడుగ్గా ఉంటే మాత్రం ముందే ఒక మాట అనుకోవాలి. మాస్క్ పనిచేసినా, కింది దవడ 18–20 ఏళ్ల దాకా పెరుగుతూనే పోయి కొందరికి చివరికి ఆపరేషన్ తప్పకపోవచ్చు.

ఇక పాలపళ్లు. ‘ఎలాగూ ఊడేవే కదా’ అని పిప్పిపట్టిన పాల దవడ పన్నును ఆరేళ్లకే పీకించేయడం తెలుగు ఇళ్లలో మామూలు. ఆ పన్ను నిజానికి 10–12 ఏళ్ల దాకా ఉండాల్సింది. అది పోగానే వెనకున్న ఆరేళ్ల పన్ను ముందుకు జరిగి ఆ చోటు ఆక్రమిస్తుంది. కింద ఎముకలో తయారవుతున్న శాశ్వత పన్నుకు దారి మూసుకుపోతుంది. వీలైతే పాలపన్నుకే చికిత్స చేసి తొడుగు వేయించాలి. పీకక తప్పకపోతే అదే వారంలో చోటు నిలిపే చిన్న తీగ పరికరం పెట్టించాలి. వెనక పన్నుకు ఒక రింగు, దాని నుంచి ముందు పన్నును ఆనుకునే ఒక వంపు తీగ, అంతే దాని నిర్మాణం. ఇది పెట్టించకపోవడం వల్ల పన్నెండేళ్లకు క్లిప్పుల దాకా వచ్చే పిల్లలు తక్కువేమీ కాదు.

బొటనవేలు చీకే అలవాటు మూడు నాలుగేళ్ల దాకా పట్టించుకోనక్కర్లేదు. శాశ్వత ముందు పళ్లు వచ్చే ఆరేళ్ల నాటికి మానాలి. చెప్పి చూసినా మానకపోతే అంగిలి వెనక చిన్న కంచె లాంటి తీగ పెడతారు.

వేలికి తగిలే కోరపన్ను

తొమ్మిది, పదేళ్ల పిల్లలకు తల్లిదండ్రులే చేసి చూడగల పరీక్ష ఒకటుంది. పై పెదవి ఎత్తి, పాల కోరపన్నుకు పైన చిగురు మీద చూపుడువేలితో మెల్లగా నొక్కితే లోపల దిగుతున్న శాశ్వత కోరపన్ను గుండ్రని ఉబ్బుగా తగలాలి. ఒక వైపు తగిలి రెండో వైపు తగలకపోయినా, పదకొండు నడుస్తున్నా రెండు వైపులా ఏమీ తెలియకపోయినా ఎక్స్‌రే తీయించాలి. ఆ పన్ను దారి తప్పి అంగిలి వైపు పోతూ ఉండవచ్చు. సుమారు వంద మందిలో ఇద్దరికి ఇలా జరుగుతుంది.

అప్పుడే తెలిస్తే పరిష్కారం ఆశ్చర్యపోయేంత చిన్నది: పాల కోరపన్ను పీకేయడం. స్వీడన్‌లో ఎరిక్సన్, కురోల్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో ఇలా చేసిన 46 పళ్లలో 36 తమంతట తాము దారికి వచ్చాయి. ఆ పిల్లలంతా 10–13 ఏళ్లవాళ్లు. అదే పద్దెనిమిదేళ్లకు తెలిస్తే చిగురు కోసి, దాగిన పన్నుకు చిన్న గొలుసు అతికించి, నెలల తరబడి కిందికి లాగాలి. ఈలోపు అది పక్క పన్ను వేరును కొరికేసి ఉండవచ్చు కూడా.

ఎత్తుపళ్లు: వైద్యుల మధ్యే తేడా ఉన్న చోటు

పై పళ్లు బాగా ముందుకు ఉంటే ఎనిమిదేళ్లకే ఒక విడత, పన్నెండేళ్లకు మరో విడత చేయాలా, లేక పన్నెండేళ్లకు ఒకేసారి సరిపోతుందా? దీనిపై అమెరికాలో, బ్రిటన్‌లో పిల్లలను రెండు గుంపులుగా చేసి పరీక్షించారు. వాటన్నిటినీ కలిపి చూసిన కోక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే సంస్థ) సమీక్ష 2018 నాటి రూపంలో తేల్చింది ఇది: ముందుగా చేసినవాళ్లలో ముందు పళ్లకు దెబ్బలు తగలడం తగ్గింది, అంతకుమించి చివరి ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

అంటే ఎత్తుపళ్లు ఉన్న ప్రతి ఎనిమిదేళ్ల పిల్లకూ రెండు విడతల ఖర్చు, నాలుగైదేళ్ల క్లినిక్ తిరుగుడు అవసరం లేదు. పెదవులు మూసుకోనంతగా పళ్లు బయటికి ఉండి, పిల్లవాడు ఆటల్లో పడుతూ లేస్తూ ఉంటే, లేదా బడిలో హేళన భరించలేకపోతుంటే ముందే మొదలుపెట్టడం సమంజసం. మిగతావారికి ఆగడమే మేలు.

ఆగాలన్నా ఎంత దాకా? కింది దవడ వెనకబడటం వల్ల పై పళ్లు ఎత్తుగా కనిపించే పిల్లలకు ట్విన్ బ్లాక్ లాంటి తీసిపెట్టుకునే పరికరం ఇస్తారు. స్కాట్లాండ్‌కు చెందిన విలియం క్లార్క్ దీన్ని 1977లో రూపొందించారు. పైన ఒకటి, కింద ఒకటి ఉండే దిమ్మెల వాలు నోరు మూసినప్పుడల్లా కింది దవడను ముందుకు నెడుతుంది. అన్నం తినేటప్పుడు కూడా పెట్టుకుంటేనే పని జరుగుతుంది. దీనివల్ల వచ్చే మార్పులో పెద్ద వాటా పళ్ల వాలుదే, ఎముక పెరుగుదల వాటా కొద్ది మిల్లీమీటర్లే. ఆ కాస్తా దక్కేది ఎత్తు వేగంగా పెరిగే కాలంలోనే. ఆడపిల్లల్లో ఆ ఉధృతి 12 ఏళ్ల దగ్గర, మగపిల్లల్లో 14 దగ్గర ఉంటుంది. ఆడపిల్ల రజస్వల అయ్యేనాటికి అది దాటిపోయి ఉంటుంది. మగపిల్లవాడికి ఏడాది మధ్యలోనే యూనిఫాం ప్యాంటు పొట్టిదైపోతోందంటే అదే సమయం. కచ్చితంగా తేల్చుకోవడానికి పక్క నుంచి తీసిన తల ఎక్స్‌రేలో మెడ పూసల ఆకారం చూస్తారు. వాటి అడుగు అంచులు ఎంత లోపలికి వంగితే పెరుగుదల అంత ముందుకు సాగిందని అర్థం.

పదకొండు–పద్నాలుగు ఎందుకు కుదురుతుంది

ఈ మూడేళ్లలో చాలా విషయాలు ఒకేసారి కలిసొస్తాయి. పాలపళ్లు ఊడిపోతాయి, 12 ఏళ్ల దవడ పళ్లు వస్తాయి, ఎముక ఇంకా చురుగ్గా ఉంటుంది. ఇంకొక లెక్క కూడా ఉంది. కింది వరసలో చివరి పాల దవడ పన్ను వెడల్పు, దాని బదులు వచ్చే పన్ను సన్నం. పాల కోరపన్ను నుంచి పాల దవడ పళ్ల దాకా కలిపి చూస్తే కింద ఒక్కో వైపు సుమారు 1.7 మి.మీ., పైన సుమారు 0.9 మి.మీ. చోటు మిగులుతుంది. ఆ పాలపన్ను ఊడకముందే కింది దవడ లోపలి వైపు ఒక తీగ పెట్టి వెనక పళ్లను కదలకుండా ఆపితే, ఆ మిగులుతోనే కొద్దిపాటి ఇరుకు సర్దుకుంటుంది. ఆర్నెల్లు ఆలస్యమైతే వెనక పళ్లు ముందుకు జరిగి ఆ చోటు తినేస్తాయి. పళ్లు పీకాలా వద్దా అన్నది కొందరిలో రెండు వైపులా కలిపి మిగిలే ఈ మూడు మిల్లీమీటర్ల చిల్లర దగ్గరే తేలుతుంది.

ఇరుకు ఎక్కువైతే నాలుగు పళ్లు తీయక తప్పదు. పై పళ్లు తీస్తే చూపు పోతుందన్న భయం ఇప్పటికీ వినిపిస్తుంది. పంటి నరం, చూపు నరం వేర్వేరు, ఆ భయానికి ఆధారం లేదు. తీసిన పన్ను చోటు సుమారు 7 మి.మీ. నెలకు 1 మి.మీ. చొప్పున అది మూయడానికే ఆరేడు నెలలు. దానికి ముందు 0.014 అంగుళాల సన్నటి నికెల్ టైటానియం వైరుతో మొదలుపెట్టి, మందపాటి స్టీలు వైరు దాకా చేరడానికి నాలుగు నుంచి ఆరు నెలలు. చివర మెరుగులకు మరో నాలుగైదు నెలలు. అన్నీ అనుకున్నట్టు జరిగితే ఇది 14–18 నెలలు, ఆచరణలో 18–24 నెలల దాకా పడుతుంది.

ఈ లెక్కను తెలుగు రాష్ట్రాల చదువుల క్యాలెండర్ పక్కన పెడితే అసలు చిక్కు కనిపిస్తుంది. ‘పదో తరగతి పరీక్షలు అవనివ్వండి’ అని ఆపుతారు. ఆ వెంటనే ఇంటర్, రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్, నెలకోసారి బయటికి పంపడమే గగనం. బ్రాకెట్ (వైరును పట్టి ఉంచేందుకు పంటికి అతికించే చిన్న బిళ్ల) ఊడితే రెండు నెలలు అలాగే ఉంటుంది, ఆ పన్ను వెనక్కి తిరుగుతుంది. ఎంట్రన్సులు అయ్యేసరికి 18 ఏళ్లు. వంకర మాత్రమే ఉన్న పిల్లలకు దీనివల్ల పోయేదేమీ లేదు. దవడ సమస్య ఉన్నవాళ్లకు మాత్రం గడువు హాస్టల్ గదిలోనే దాటిపోతుంది. ఏడో తరగతి వేసవి సెలవుల్లో మొదలుపెడితే పదో తరగతి పరీక్షలకు ముందే క్లిప్పులు తీయించేయవచ్చు.

నల్గొండ, కనిగిరి లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల పిల్లలకు ఇంకో ఇబ్బంది. బ్రాకెట్ అతికించే ముందు పంటి పైపొరను 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లంతో కొన్ని క్షణాలు గరుకు చేస్తారు. ఫ్లోరైడ్ పట్టిన పొర ఆమ్లానికి సరిగా లొంగదు, అందుకే బ్రాకెట్లు తరచూ ఊడతాయి. ఆ ప్రాంతంలో పెరిగిన సంగతి డాక్టరుకు మొదటి రోజే చెబితే ఆమ్లం ఎక్కువసేపు ఉంచడం, మరకల పొరను కాస్త అరగదీయడం లాంటి జాగ్రత్తలు తీసుకుంటారు.

బ్రిటన్‌లో ఉండే తెలుగు కుటుంబాలకు లెక్క మరోలా ఉంటుంది. అక్కడి ప్రభుత్వ వైద్యంలో 18 ఏళ్లలోపువారికి క్లిప్పులు ఉచితం, కానీ సమస్య తీవ్రతను ఐదు మెట్లుగా కొలుస్తారు. నాలుగు, ఐదు మెట్లవారికి, మూడో మెట్టులో కొందరికి మాత్రమే అర్హత. పై పళ్లు 6 మి.మీ. మించి 9 మి.మీ. దాకా ముందుకు ఉంటే నాలుగో మెట్టు. ఇక్కడ అందం కోసం వేయించే చాలా క్లిప్పులు అక్కడ సొంత డబ్బుతో వేయించుకోవాల్సినవే.

ఇరవై దాటాక

పెద్దవాళ్లకు అడ్డుపడేది చిగుళ్లు. ఎముక అరిగి, పళ్లు వదులై, బ్రష్ చేస్తే రక్తం వస్తుంటే ముందు ఆ జబ్బు అదుపులోకి రావాలి. వాపు ఉండగా పన్ను కదిపితే మిగిలిన ఎముక ఇంకా త్వరగా పోతుంది. షుగర్ ఉంటే అదీ అదుపులో ఉండాలి. రూట్ కెనాల్ చేసిన పన్ను మామూలుగానే కదులుతుంది. ఇంప్లాంట్ (పోయిన పన్ను బదులు ఎముకలో దించే కృత్రిమ పన్ను) మాత్రం ఎముకకు నేరుగా అతుక్కుని ఉంటుంది కాబట్టి అంగుళం కాదు కదా, గీతంత కూడా కదలదు. అందుకే క్లిప్పులు ముందు, ఇంప్లాంట్ తర్వాత.

దవడల తేడా పెద్దదైతే పెద్దవాళ్లలో క్లిప్పులతో పాటు ఆపరేషన్ అవసరం. దానికి పెరుగుదల పూర్తిగా ఆగాలి. ఆరు నెలల నుంచి ఏడాది తేడాతో తీసిన రెండు ఎక్స్‌రేలలో మార్పు లేకపోతేనే ఆగినట్టు లెక్క.

పెళ్లి కుదిరాక వచ్చి ఆరు నెలల్లో అయిపోవాలంటే చిన్నపాటి సందులు, స్వల్ప వంకరలు మాత్రమే వీలవుతాయి. వైరు బదులు పళ్లకు తొడిగే ప్లాస్టిక్ తొడుగులైన అలైనర్లు పారదర్శకంగా ఉంటాయన్నది నిజమే కానీ రోజుకు 20–22 గంటలు పెట్టుకోకపోతే పళ్లు కదలవు. ఎక్స్‌రే లేకుండా, డాక్టరు నోరు చూడకుండా పార్శిల్‌లో వచ్చే అలైనర్లకు దూరంగా ఉండాలి. కింద ఎముక ఎంత ఉందో తెలియకుండా పన్నును నెట్టినట్టే.

చదువుకో ఉద్యోగానికో అమెరికా వెళ్లేవాళ్లు వీసా తేదీ చూసుకుని మొదలుపెట్టాలి. మధ్యలో వెళ్తే అక్కడ మరో డాక్టరు దాదాపు కొత్త కేసులాగే తీసుకోవచ్చు. తప్పనిసరైతే మొదటి ఎక్స్‌రేలు, ఫొటోలు, పళ్ల అచ్చులు లేదా స్కాన్, చికిత్స ప్రణాళిక, బ్రాకెట్ గాడి కొలత 0.018 అంగుళాలా 0.022 అంగుళాలా అన్నది రాయించుకుని వెళ్లాలి.

వేయించే ముందు చూసుకోవాల్సినవి

పిల్ల బ్రష్ చేయడం చూస్తే సగం జవాబు అక్కడే తెలుస్తుంది. బ్రాకెట్ చుట్టూ పాచి నిలిస్తే నాలుగు వారాల్లోనే తెల్లటి మచ్చలు మొదలవుతాయి. క్లిప్పులు తీశాక చదరంగా బ్రాకెట్ ఆకారంలో మిగిలే మచ్చలు అవే. ఎనిమిదేళ్లకు బిగించి పద్నాలుగు దాకా లాగితే పిల్లలు విసిగిపోతారు, అసలు అవసరమైన చివరి ఏడాదిలో సహకరించరు. చిన్న వయసులో చేసే విడత ఏ ఒక్క సమస్యకో పరిమితమై, 6–12 నెలల్లో ముగియాలి. ఏ సమస్యకు, ఎంతకాలం, ఇప్పుడు చేయకపోతే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు సూటిగా జవాబు రాకపోతే రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. బీడీఎస్ తర్వాత మూడేళ్లు ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసినవారు ఈ పనికి నిపుణులు. హైదరాబాద్, విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లోనూ వీళ్లు ఉంటారు.

క్లిప్పులు తీసిన రోజు నుంచి రిటైనర్, అంటే పళ్లను కొత్త చోట నిలిపే పరికరం, మొదలవుతుంది. పన్ను కొత్త చోటికి వచ్చినా చిగుళ్లలోని సాగే నారలు సర్దుకోవడానికి ఏడాది దాకా పడుతుంది, అప్పటిదాకా అవి పన్నును పాత చోటికి లాగుతూనే ఉంటాయి. మొదటి కొన్ని నెలలు రోజంతా, తర్వాత రాత్రిళ్లు పెట్టుకోవాలి. ఎన్నేళ్లంటే, వరస నిలవాలనుకున్నన్నేళ్లు. జీవితంలో ఎప్పుడూ క్లిప్పులు వేసుకోనివాళ్లకు కూడా వయసుతో కింది ముందు పళ్లు ఇరుకవుతాయి. వేడినీళ్లలో కడిగితే ప్లాస్టిక్ రిటైనర్ వంగిపోతుంది. భోజనానికి కూర్చున్నప్పుడు టిష్యూలో చుట్టి పక్కన పెడితే ప్లేటుతో పాటు చెత్తబుట్టలోకి పోతుంది. పోయిన వారంలోపే కొత్తది చేయించుకోవాలి. అశ్రద్ధ చేసి నెల దాటించాక పాతది దొరికినా అది చాలామందికి పళ్లకు ఎక్కదు.